గడిశాస్త్ర ప్రవేశిక

శాస్త్రం రాయబోయేవాడు ముందు వినాయకుడికి దండం పెట్టుకోవాలి. గడిశాస్త్రంలో ఆ పీట ఈక్వల్‌టు గుర్తుది. దాన్ని తలుచుకోకుండా గడిలో కూడిక రాస్తే మామూలుగా ఎక్సెల్ షీటు దాన్ని లెక్కగా చూడదు, కబురుగా చూస్తుంది. 2+2 అని కొట్టి ఎంటర్ నొక్కండి. 2+2 అనే ఉంటుంది, గుళ్ళో శిలాశాసనంలా. దాని ముందు ఆ రెండు అడ్డగీతలు పెట్టి మళ్ళీ నొక్కండి. నాలుగు.

ఆ గీతల కర్త రాబర్ట్ రికార్డ్, వేల్స్ దేశపు వైద్యుడు. ‘దీనికి అది సమానం’ అని మాటిమాటికీ రాయలేక, 1557లో అచ్చయిన తన పుస్తకంలో ఒకే పొడుగున్న రెండు గీతలు గీశాడు. ఆయన లెక్కలో ఆ గీతలకు అటూ ఇటూ ఏదో ఒకటి ఉండాలి, ఆ రెండూ సరితూగాలి. షీటులో ఎడమవైపు ఏమీ ఉండదు. ఏమీ లేనిదానికి కుడివైపున్నదంతా సమానమని ప్రతి సూత్రమూ ప్రకటిస్తుంది. అద్వైతులు ఇంకా దీని మీద భాష్యం రాయకపోవడం ఆశ్చర్యమే.

ఏ శాస్త్రానికైనా నాలుగు అనుబంధాలు చెప్పాలంటారు: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఇక్కడ విషయం గడి. ప్రయోజనం ఉద్యోగం. ఉద్యోగం వచ్చాక సంబంధం దానంతటదే వస్తుంది, పెళ్ళిళ్ళ పేరయ్యలు ఊరికే ఉండరు. చిక్కంతా అధికారి దగ్గరే. వేదాంతంలో అధికారి అంటే శాస్త్రం చదవడానికి అర్హుడు. మన ఆఫీసుల్లో అధికారి అంటే సూత్రం రాయనివాడు. ఆయన షీటు తెరుస్తాడు, అడుగున మొత్తం చూస్తాడు, ‘ఇదెందుకిలా వచ్చింది?’ అంటాడు, మూసేస్తాడు.

నాకు అర్హత వేరే దారిలో వచ్చింది. పంజాగుట్టలో మేముండే అపార్ట్‌మెంటుకి నన్ను ట్రెజరర్‌గా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఆ మీటింగుకి నేను వెళ్ళలేదు. పాత ట్రెజరర్ గారు ఒక పెన్‌డ్రైవు చేతిలో పెట్టి, ‘అన్నీ ఫార్ములాలే, మీరేం ముట్టుకోకండి’ అని చెప్పి, కూతురి పురిటికి అమెరికా వెళ్ళిపోయారు. ముట్టుకోకుండా లెక్క రాయడం ఎలాగో తెలియక, యాభై మూడేళ్ళ వయసులో, పొద్దున ఏడు గంటల ఎక్సెల్ బ్యాచికి అమీర్‌పేటలో చేరాను.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు మెట్రోలో ఒక్కటే స్టేషను. పంజా అంటే అయిదు వేళ్ళ అరచెయ్యి, ఫారసీ మాట. గుట్ట మన మాట. అంటే వేళ్ళ మీద లెక్కపెట్టుకునే చోటు నుంచి సూత్రాలతో లెక్కపెట్టే చోటికి ప్రయాణం. ఈ వ్యుత్పత్తి నాది, చరిత్రకారులు దీన్ని ఎక్కడా ఎత్తిరాయవద్దు. అమీర్‌పేట స్టేషను మాత్రం నిజంగానే గడి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్ళే ఎర్రలైనూ, నాగోలు నుంచి రాయదుర్గం వెళ్ళే నీలిలైనూ అక్కడ ఒకదాని మీదుగా ఒకటి పోతాయి. ఒకటి నిలువు వరుస, ఒకటి అడ్డ వరుస. రెండూ కలిసే చోటికే గడి అని పేరు. షీటులో కూడా ఒక నిలువు వరుస పేరూ ఒక అడ్డ వరుస పేరూ రాసి నడుమ ఖాళీ జాగా వదిలితే, అవి కలిసే గడిని తెచ్చి ఇస్తుంది. కలవని వాటిని అడిగితే నల్ అని కసురుతుంది. ఖాళీకి కూడా అర్థం ఉన్న శాస్త్రం ఇది.

ఆ గడులెన్ని? 2007 నుంచి ఎక్సెల్ షీటులో అడ్డ వరుసలు 10,48,576, నిలువు వరుసలు 16,384. గుణిస్తే 1717 కోట్ల 98 లక్షల 69 వేల 184 గడులు. మా అపార్ట్‌మెంటుకి వీటిలో ఒక నూట యాభై సరిపోతాయి. మిగతావి బిల్డరు చూడకుండా ఉంటే చాలు.

స్టేషను మెట్లు దిగగానే కరపత్రాలు. మైత్రీవనం, దాని ఎదుటా పక్కనా బ్లాకులు బ్లాకులుగా భవనాలు, గోడ కనబడకుండా బోర్డు మీద బోర్డు. ఏడాదిని రెండంకెల్లో దాచుకున్న కంప్యూటర్లు 2000 సంవత్సరం రాగానే తికమకపడతాయని ప్రపంచం బెంగపెట్టుకున్న రోజుల్లో ఈ బోర్డుల మీద కోబాల్ ఉండేది. తరవాత జావా, ఒరాకిల్, శాప్, టెస్టింగ్. ఇప్పుడు డేటా సైన్సు, ఏఐ. ఏ కాలంలోనైనా బోర్డు అడుగున చిన్న అక్షరాల్లో మాత్రం ‘ఎంఎస్ ఆఫీస్, అడ్వాన్స్‌డ్ ఎక్సెల్, టాలీ’ కదలకుండా ఉంటాయి. పైవన్నీ అవతారాలు, ఇది కింద మోసే ఆదిశేషుడు. అన్నట్టు, ఆ 2000 నాటి బెంగ పూర్తిగా తీరిందనుకోకండి. నా ఎక్సెల్లో ఏడాదిని రెండంకెలతో రాస్తే, 29 దాకా రెండువేల ఖాతాలోనూ 30 నుంచి పంతొమ్మిది వందల ఖాతాలోనూ వేస్తుంది. మా తాతగారు పుట్టింది 1929లో. 29 అని రాసి చూశాను. ఆయన ఇంకా పుట్టలేదు.

మా సారుకి ఇరవై ఆరేళ్ళుంటాయి. బెంచీల నిండా డిగ్రీ పిల్లలు, మా అబ్బాయి ఈడువాళ్ళు. నన్ను చూసి ఎవరి తండ్రో ఫీజు కట్టడానికి వచ్చాడనుకున్నారు. ‘అంకుల్, ఫస్టు ఈక్వల్‌టు కొట్టండి. తరవాతే మౌసు ముట్టుకోండి. ఓకేనా?’ అన్నాడు సారు. ఇంతకు మించిన ప్రథమ సూత్రం ఏ దర్శనంలోనూ లేదు. మెటీరియల్ ఎక్కడ అని అడిగితే కింద జెరాక్స్ షాపు చూపించాడు. పూర్వం భాష్యాలు మఠాల్లో దొరికేవి, ఇక్కడ స్పైరల్ బైండింగులో దొరుకుతాయి.

గురుపరంపర చెప్పకుండా ముందుకు పోకూడదు. హార్వర్డ్‌లో బిజినెస్ చదువుతున్న డాన్ బ్రిక్లిన్, బ్లాక్‌బోర్డు మీద ఒక అంకె మారినప్పుడల్లా దాని మీద ఆధారపడ్డ అంకెలన్నీ చెరిపి రాసుకుంటున్న మాస్టారి అవస్థ చూశాడు. అంకెలు రాయడం కాదు, అంకెల మధ్య చుట్టరికం రాయాలి అని తోచింది. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి 1979లో విజికాల్క్ అనే షీటు తెచ్చాడు. 1983లో లోటస్ వచ్చింది, 1985లో ఆపిల్ వారి మెకింటాష్ మీద ఎక్సెల్ వచ్చింది. శైవ వైష్ణవాల్లాగే వీటికీ బొట్టు తేడా. విజికాల్క్ వారు సూత్రాన్ని ప్లస్‌తో మొదలుపెట్టవచ్చు, లోటస్ వారు కూడిక సూత్రమైన సమ్‌కి ముందు ఏట్ గుర్తు పెడతారు. ఎక్సెల్ స్మార్తుడిలాంటిది, మూడింటికీ దండం పెడుతుంది. ఇప్పటికీ కొందరు పాత అకౌంటెంట్ల సూత్రాల్లో ఈక్వల్‌టు తరవాత అనవసరంగా ఒక ప్లస్ కూడా ఉంటుంది. కీబోర్డు కుడిపక్క అంకెల మీటల్లో ప్లస్ ఉంది, ఈక్వల్‌టు లేదు. వేలు ముందు ప్లస్ మీదికే పోతుంది, ఈక్వల్‌టుని ఎక్సెల్ తనే చేర్చుకుంటుంది. షీటు చూసి దాన్ని రాసినవాడి వయసు చెప్పగలిగిన ఒకే ఒక్క లక్షణం ఇది.

ఇక అసలు విషయం. ఫార్ములాని మన బడిలో సూత్రం అన్నారు, ఆ మాట ఎవరు పెట్టారోగాని గురి తప్పలేదు. అర మాత్ర ఆదా అయితే కొడుకు పుట్టినంత సంబరపడేవారట పాణినీయులు. ఆదా చేయడానికి వారి దగ్గరున్న గొప్ప ఉపాయం అనువృత్తి: ముందు సూత్రంలో చెప్పిన మాట కింది సూత్రాల్లోకి తనంతట తనే నడిచివస్తుంది, మళ్ళీ చెప్పనక్కరలేదు. షీటులో గడికి కుడి అడుగు మూలన చిన్న చదరపు చుక్క ఉంటుంది. దాన్ని పట్టి కిందికి లాగండి. అదే అనువృత్తి. ‘బి3ని సి3తో గుణించు’ అన్న సూత్రం కింది గడిలోకి వెళ్ళేసరికి ‘బి4ని సి4తో’ అయి కూర్చుంటుంది. పాణినికి ఒక వ్యాకరణమంతా పట్టిన పని, మౌసుకి ఒక్క లాగుడు.

ఎలా మారిందని బెంచీ మీది అమ్మాయి అడిగితే, సారు ‘రిలేటివ్ రిఫరెన్సు’ అని ఊరుకున్నాడు. నాకైతే ఆ మాటలోనే గుట్టంతా కనిపించింది. రిలేటివ్ అంటే చుట్టమే గదా. సూత్రం గడులను పేరుతో గుర్తుపెట్టుకోదు, వరసతో గుర్తుపెట్టుకుంటుంది. ‘నా ఎడమపక్కాయన, ఆయన ఎడమపక్కాయన’ అంటుంది. పెళ్ళిలో మనం చేసేదీ ఇదే. మా తోడల్లుడి మేనత్త కొడుకు అంటామే గాని ఆయన పేరేమిటో పందిట్లో ఎవరికీ తెలీదు. చోటు మారితే అదే వరస ఇంకొకరికి తగులుకుంటుంది. వరుసకీ వరసకీ తేడా ఒక్క కొమ్మే.

అందరినీ వరసపెట్టి పిలిస్తే సంసారం సాగదు. నీళ్ళ ట్యాంకరు ధర ఎఫ్1 గడిలో ఒక్కచోటే రాశాను. సూత్రాన్ని కిందికి లాగాను. రెండో ఫ్లాటు వాటా దగ్గరికి వచ్చేసరికి అది ఎఫ్2ని చూసింది, మూడోది ఎఫ్3ని. అక్కడేముంది, ఖాళీ. మొదటి ఫ్లాటు వారికి తప్ప నీళ్ళు అందరికీ ఉచితమయ్యాయి. ఎన్నికల మేనిఫెస్టోకి పనికొచ్చే సూత్రం గాని అసోసియేషనుకి కాదు. దీనికి మందు డాలరు. గడి పేరులో అక్షరానికి ముందొకటి, అంకెకు ముందొకటి డాలర్లు పెడితే ఎక్కడికి లాగినా ఆ చూపు ఎఫ్1 మీద నుంచి కదలదు, దొరగారి గడీలా పాతుకుని ఉంటుంది. ఎఫ్4 మీట నొక్కితే రెండు డాలర్లు పడతాయి, మళ్ళీ నొక్కితే ఒకటి ఊడుతుంది, ఇంకోసారి నొక్కితే ఉన్నది అటునుంచి ఇటు మారుతుంది, నాలుగోసారి ఏమీ మిగలదు.

అమీర్‌పేటలో నిలబడి ఈ పాఠం వినడంలో ఒక రుచి ఉంది. డాలరు కోసం ఊళ్ళు కదిలివచ్చిన చోటు ఇది. శేఖర్ కమ్ముల తీసిన మొదటి సినిమా పేరే ‘డాలర్ డ్రీమ్స్’. అలాంటి పేటలో ‘డాలరు పెడితే కదలదు’ అని సారు అంటే, ముందు బెంచీ కుర్రాడు చెయ్యెత్తి ‘రుపీ పెడితే కుదరదా సార్?’ అన్నాడు. కుదరదు. రూపాయికి ఈ శాస్త్రంలో ఇంకా పీట వేయలేదు. ఎక్సెల్లో బాట్‌టెక్స్ట్ అని ఒక సూత్రం ఉంది, అంకె ఇస్తే థాయ్‌లాండు డబ్బుల్లో, థాయ్ అక్షరాల్లో రాసి ఇస్తుంది. ‘అక్షరాలా ఇరవై వేల రూపాయలు మాత్రమే’ అని రాయందే రసీదు చెల్లని దేశానికి మాత్రం అలాంటిది లేదు. ఎవరో రాసిన మాక్రోను ఒకరి దగ్గర్నుంచి ఒకరు తెచ్చుకుని అతికించుకుంటున్నాం. లక్షకీ కోటికీ కామాలు సరైన చోట పడాలన్నా ముందు కంప్యూటరుకి మనం ఇండియాలో ఉన్నామని సెట్టింగుల్లో చెప్పుకోవాలి. అంకెలూ సున్నా పుట్టిన దేశానికి ఇదీ మర్యాద.

సున్నా మాట వచ్చింది గనక వివాదం కూడా చెప్పుకోవాలి. మంచి వాన పడిన ఒక నెలలో మాకు ట్యాంకర్లు రాలేదు. డ్రైవరుకి మాత్రం 500 అడ్వాన్సు వెళ్ళింది. ఒక్కో ట్యాంకరుకి సగటున ఎంత పడిందని నా సూత్రం 500ని సున్నాతో భాగించింది. షీటు ‘డివ్ బై జీరో’ అని ఎగిరిపడింది. నేను పూర్వాచార్యులను ఆశ్రయించాను. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు, అది అడ్వాన్సు ఇవ్వని నెలకు పనికొస్తుంది. 12వ శతాబ్దంలో భాస్కరుడు సున్నాతో భాగించిన సంఖ్యకు ఖహరమని పేరు పెట్టి, అది అనంతం అన్నాడు. వీరిద్దరి నడుమ, 9వ శతాబ్దంలో, మహావీరాచార్యుడు సంఖ్యను సున్నాతో భాగిస్తే ఏ మార్పూ రాదు, ఉన్నది ఉన్నట్టే ఉంటుంది అన్నాడు. గణితజ్ఞులు ఆయన పొరపడ్డాడంటారు. కాని మా 500 ఉన్నది ఉన్నట్టే పోయింది. వ్యవహారంలో నేను మహావీరుడి పక్షం. ఆయన గణితసారసంగ్రహాన్నే 11వ శతాబ్దపు పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ దారి మూసుకుపోకుండా ఉంటే, ఈపాటికి సమ్ కందంలోనూ వెతికిపెట్టే వీలుకప్ సీసంలోనూ ఉండేవి. బ్రాకెట్టు మరిచిపోతే యతిభంగం అని చూపించేది.

‘పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు.’ షీటులో దీన్ని సర్క్యులర్ రిఫరెన్సు అంటారు. తార్కికులు ఇందులోనే మూడు రకాలు చెప్పారు. గడి తనను తానే చూసుకుంటే ఆత్మాశ్రయం, రెండు గడులు ఒకదాన్నొకటి చూసుకుంటే అన్యోన్యాశ్రయం, మూడో గడి కూడా చేరి ముగ్గురూ చుట్టూ తిరిగితే చక్రకం. ఎక్సెల్ ఇంత సూక్ష్మం చూడదు, అన్నింటికీ ఒకే హెచ్చరిక. కావాలంటే సెట్టింగుల్లో ఒప్పుకోలు ఇచ్చి తిరగనివ్వవచ్చు, మనం మార్చకపోతే నూరుసార్లు తిరిగి ఆగుతుంది. అమీర్‌పేటలో ఈ దోషం ‘ఉద్యోగానికి అనుభవం కావాలి, అనుభవానికి ఉద్యోగం కావాలి’ అన్న రూపంలో కనిపిస్తుంది. అక్కడా నూరుసార్లు తిరగడమే.

ఇఫ్ అనే సూత్రాన్ని గురించి రెండు మాటలు చాలు. అది మన వ్యాకరణంలో చేదర్థకం: కడితే ఒక మాట, కట్టకపోతే ఒక మాట. 2003 దాకా ఒకదాని కడుపులో ఒకటి ఏడు ఇఫ్‌లే పట్టేవి, 2007 నుంచి 64 పడుతున్నాయి, కళలెన్నో అన్ని. అయితే తెలుగులో చేదర్థకం పక్కనే అప్యర్థకం అని ఒకటుంది. ‘కట్టినా కట్టనట్టే’, ‘చెప్పినా వినరు’. అపార్ట్‌మెంటు వ్యవహారమంతా నడిచేది దీని మీదే. దానికి ఎక్సెల్లో సూత్రం లేదు. పుట్టించే యోచన వారికి ఉన్నట్టూ లేదు.

ఇప్పుడు దోషప్రకరణం. పేరు తప్పు రాస్తే ‘నేమ్’ అంటుంది. వెతికింది దొరక్కపోతే ‘ఎన్ఏ’. చూస్తున్న గడిని ఎవరో తీసేస్తే ‘రెఫ్’. మాటని అంకెతో కూడమంటే ‘వాల్యూ’. గడి నిండా హాష్ గుర్తులు పేరిస్తే మాత్రం కంగారుపడకండి, అది తప్పు కాదు, మనిషి పెద్ద, గది ఇరుకు, అంతే. అమీర్‌పేట హాస్టళ్ళలో ఉన్నవాళ్ళకి వివరించనక్కరలేదు. ఈ అరుపులన్నిటికీ నోరు కట్టేసే ఇఫ్ఎర్రర్ అని ఇంకో సూత్రం వచ్చింది. తప్పు జరిగితే చప్పుడు చేయకుండా సున్నా చూపించమని దానికి చెప్పొచ్చు. సారు దాన్ని నేర్పిన రోజు క్లాసు క్లాసంతా రాసుకుంది. నాకది నచ్చలేదు. ఏడ్చే పిల్లవాడికి నల్లమందు పెట్టినట్టు.

ఎందుకంటే అరిచే దోషం అసలు దోషమే కాదు. తప్పయిందని చెప్పే షీటు హరిశ్చంద్రుడు. భయపడవలసింది తప్పు సూత్రానికి పొందికగా అంకె వచ్చినప్పుడే. కుడివైపుకి ఒద్దికగా జరిగి, కామా పెట్టుకుని, బోల్డులో కూర్చుంటుంది, దాన్ని అనుమానించే ధైర్యం ఎవరికి?

మొదటి నెల నాకు తగిలింది చిన్న దెబ్బ. ఆన్‌లైన్‌లో షీటు పెట్టి, ఎవరి వరుసలో వాళ్ళు కట్టింది రాసుకోమన్నాను. ఒక పెద్దమనిషి జీవితకాలపు అలవాటు కొద్దీ 2,500/- అని రాశారు. చెక్కు మీద ఆ గీతలు దొంగకు అడ్డం. షీటులో అవే గీతలు సమ్‌కి అడ్డం. గీత పడగానే అంకె అంకె కాదు, మాట, ఎడమవైపుకి జరిగిపోతుంది. ప్లస్‌తో కూడితే షీటు అరుస్తుంది. సమ్ అరవదు, మాటల్ని దాటేసి మిగతావి కూడుకుని పోతుంది, పెళ్ళిలో పిలవని చుట్టాన్ని చూడనట్టు. అంకె ఎడమకు జరిగింది గనక పట్టుకోగలిగాను. గర్వపడ్డాను కూడా.

పెద్ద దెబ్బ తరవాత తగిలింది. మాకు మొదట్లో 18 ఫ్లాట్లు. మొత్తం అందరికీ కనబడాలని దాన్ని నేనే పైన సి1లో పెట్టుకున్నాను: =సమ్(సి3:సి20). ఆ రెండు చుక్కలకు తెలుగు ‘నుంచి, దాకా’. అయిదో అంతస్తులో బిల్డరు అట్టేపెట్టుకున్న 503, 504లోకి మనుషులు దిగారు. వాళ్ళ పేర్లు కింద 21, 22 వరుసల్లో చేర్చాను. నడుమ వరుసలో చేర్చి ఉంటే సూత్రం సాగి వాళ్ళనూ కలుపుకునేది. కింద చేర్చాను, సూత్రం 20 దగ్గరే ఆగిపోయింది. తలా 2,500 చొప్పున ఇద్దరూ నెలనెలా కట్టారు. ఖర్చు నెలకు 50,000, షీటులో వసూలు 45,000. ప్రతి నెలా కొత్త షీటుకి పాతదాన్నే కాపీ చేసుకున్నాను, అంటే తప్పుకి కూడా అనువృత్తి కలిగింది. నాలుగు నెలలకు 20,000 లోటు తేలింది. ఏం చేస్తాం, ఇరవై ఫ్లాట్ల మీదా తలా 1,000 వేసి వసూలు చేశాను. ఆ ఇరవైలో 503, 504 కూడా ఉన్నాయి. కూడేటప్పుడు లేని ఫ్లాట్లు, దండేటప్పుడు ఉన్నాయి.

ఖజానా శాఖలో చేసి రిటైరయిన 104వ ఫ్లాటు పెద్దాయన ఆ షీటు ప్రింటు తీయించుకుని, పెన్సిలుతో పై నుంచి కింది దాకా కూడి, అడుగున ‘వెరసి 50,000’ అని రాసి నా తలుపు కొట్టారు.

‘ట్రెజరర్ గారూ, పాస్‌బుక్కు ఎప్పుడైనా తెరిచారా?’

‘షీటు ఉంది కదా అంకుల్...’

‘నా సర్వీసులో లోటు వచ్చిన లెక్కలు చాలా చూశాను బాబూ. డబ్బు ఉండగా లోటు రాసినవాణ్ణి మిమ్మల్నే చూడటం.’

సిగ్గుతో ఆ రాత్రి గ్రంథావలోకనం చేశాను. కొంత ఊరట దొరికింది. కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ పేరుమోసిన ఆర్థికవేత్తలు. అప్పు బాగా పెరిగిన దేశాల ఎదుగుదల మందగిస్తుందని 2010లో ఒక పత్రం రాశారు, పొదుపు చేయాలన్న ప్రభుత్వాలు దాన్ని చేతిలో పట్టుకు తిరిగాయి. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి, క్లాసులో ఇచ్చిన పని కోసం ఆ లెక్క మళ్ళీ చేయబోయి, వాళ్ళ షీటే అడిగి తెప్పించుకున్నాడు. దేశాలు 30వ వరుస నుంచి 49వ వరుస దాకా ఉన్నాయి. సగటు సూత్రం 44 దగ్గర ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ బయటే ఉండిపోయాయి. ఆ పత్రం మీద వేరే ఆక్షేపణలూ ఉన్నాయిగాని, ఈ తప్పును మాత్రం వాళ్ళిద్దరూ ఒప్పుకున్నారు. ఇంగ్లండులో 2020లో పాత తరహా షీటు 65,536 వరుసల దగ్గర నిండిపోయి, 15,841 కరోనా కేసులు లెక్కలోకి రావడం ఆలస్యమైంది. అక్కడా షీటు అరవలేదు.

వాళ్ళవి ఇరవై దేశాలు, మావి ఇరవై ఫ్లాట్లు. వాళ్ళు అయిదు వదిలారు, నేను రెండు. ఆ లెక్కన జగత్ప్రసిద్ధులైన ఆర్థికవేత్తల కంటే నేను మూడు ఫ్లాట్లు మెరుగు. ఈ మాట మీటింగులో అన్నాను. ఎవరూ నవ్వలేదు.

కాబట్టి మా అపార్ట్‌మెంటు వారికి మనవి. ఎక్కువ కట్టిన 1,000 తగ్గించుకుని వచ్చే నెల మెయింటెనెన్సు 1,500 కట్టండి, 503, 504 వారు కూడా. మీ వరుసలో ఒట్టి 1500 అని రాయండి, గీతలు వద్దు. సి1 గడిని మాత్రం ఎవరూ ముట్టుకోకండి, అందులో ఫార్ములా ఉంది.